నూటికి 88 మందికి నయం... సరే, ఏ నూటికి?

ఈమధ్య చాలామంది పంచుకుంటున్న వాదన ఇది: "టీబీకి మందుంది, టీకా ఉంది, 2030కి లక్ష్యమూ ఉంది. చికిత్స తీసుకున్నవాళ్లలో నూటికి 88 మందికి నయమవుతోంది. విధానంలో లోపం లేదు. మధ్యలో మందు మానేసేవాళ్లతోనే చిక్కంతా."

88 అబద్ధం కాదు. 2022లో మామూలు టీబీకి చికిత్స మొదలుపెట్టినవాళ్ల ఫలితం అది. కిటుకంతా ఆ 'మొదలుపెట్టినవాళ్లు' అన్న మాటలోనే ఉంది. 2023లో ప్రపంచమంతటా 1.08 కోట్ల మందికి టీబీ సోకి జబ్బుపడ్డారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కొత్తగా గుర్తించి నమోదు చేసింది 82 లక్షల మందినే. మిగిలిన 26 లక్షల మంది ఆ నూటిలో లేనే లేరు. వాళ్లలో కొందరు ఎక్కడో మందు వాడుతూ లెక్కకు ఎక్కకపోయి ఉండొచ్చు. మిగతావాళ్లు మందు లేకుండానే ఉన్నారు. మందులకు లొంగని టీబీ అయితే మరీ ఘోరం: ఐదుగురిలో ఇద్దరికే తగిన చికిత్స మొదలవుతోంది.

జబ్బు ఉంటే వాళ్లే వస్తారు కదా అంటారు. ఇళ్లకు వెళ్లి, ఎక్స్‌రేలు తీసి చేసిన సర్వేల్లో, కఫంలో క్రిమి దొరికినవాళ్లలో దాదాపు సగం మంది తమకు లక్షణాలేమీ లేవనే చెప్పారు. దగ్గుతో వచ్చేదాకా కాచుకు కూర్చునే విధానానికి వీళ్లెలా దొరుకుతారు?

ఇక లక్ష్యం. 2030కి చేరే దారిలో మధ్య మెట్టుగా, 2015తో పోలిస్తే 2025కల్లా కొత్త కేసులు 50 శాతం, మరణాలు 75 శాతం తగ్గాలని రాసుకున్నారు. 2023 నాటికి తగ్గింది 8.3 శాతం, 23 శాతం. కోవిడ్ దెబ్బ కొట్టిన మాట నిజమే. కానీ అంతకుముందు కూడా ఏటా 2 శాతమే తగ్గేది. 2025కల్లా ఆ వేగం ఏటా 10 శాతానికి చేరితే తప్ప లక్ష్యం అందదన్నది అప్పటి లెక్క. డబ్బు సంగతీ అంతే. 2027కల్లా ఏటా 2,200 కోట్ల డాలర్లు సమకూరుస్తామని దేశాలన్నీ 2023లో ఐక్యరాజ్యసమితిలో ఒప్పుకున్నాయి. ఆ ఏడు చేతికొచ్చింది 570 కోట్లు. లక్ష్యం తప్పని నేననను, దానికి తగ్గ ఖర్చు, వేగం లేవంటాను.

టీకా అంటే 1921 నాటి బీసీజీ. పసిపిల్లలను ప్రాణాంతకమైన తీవ్ర రకాల టీబీ నుంచి కాపాడుతుంది. పెద్దల ఊపిరితిత్తుల టీబీని, అంటే ఇతరులకు అంటించే రకాన్ని, ఆపడంలో దాని మీద భరోసా పెట్టుకోలేం.

చివరగా, మందు మానేసేవాళ్లు. టీబీ వచ్చిన కుటుంబాల్లో దాదాపు సగానికి ఏడాది ఆదాయంలో 20 శాతానికి పైగా ఖర్చుకో, పోయిన సంపాదనకో హరించుకుపోతోంది. ఆరు నెలలు మాత్రలు మింగమనడం తేలికే, కూలి మానుకుని మింగేవాళ్లకు తెలుస్తుంది. పైగా తిండి సరిగా లేని ఒంటిలో ఈ జబ్బు తేలిగ్గా రగులుకుంటుంది. జార్ఖండ్‌లో రోగుల ఇళ్లలోనివాళ్లకు నెలనెలా బియ్యం, పప్పులు, సూక్ష్మపోషకాలు ఇచ్చి చూస్తే, ఇవ్వని ఇళ్లకన్నా కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితమిది. రోగినే నిందించే ఆ వాదనలో తిండి ఊసే లేదు.