కార్డు బిల్లు కట్టినం, ఖర్చుల రాసెయ్!

అకౌంటింగ్ శాస్త్రానికి నల్లగొండ వ్యాపారులు చేసిన సేవను ఇప్పటిదాకా ఎవరూ గుర్తించలేదు. క్లాక్ టవర్ నుంచి ప్రకాశం బజార్ దాకా నడుచుకుంటూ పోయి, ఏ షాపులోనైనా లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ తెరిపించి ఖర్చుల జాబితా చూడండి. కిరాయి, కరెంటు, జీతాలు, హమాలీ, చాయ్ పైసలు వరుసగా ఉంటాయి. వాటి నడుమ ‘క్రెడిట్ కార్డు ఖర్చులు’ అని ఒక పద్దు కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటుంది. మిగతావన్నీ కలిపినా దాని బరువుకు సరితూగవు. దేనికి ఖర్చయిందయ్యా అంటే కార్డుకు అంటారు. పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక నీడ పొద్దంతా కదలకుండా ఉంటుంది, అది ఏ స్తంభానిదో తేల్చలేక చూసేవాళ్లు తలలు పట్టుకుంటారు. ఈ పద్దూ ఏడాది పొడుగునా అట్లాగే ఉంటుంది, ఏ సరుకుదో చెప్పేవాడు ఉండడు.

పోనీ, సేటుకు లెక్కలు తెలియవేమో అనుకుందామా? అదే షాపులో గల్లా పెట్టె మీద ‘నేడు నగదు – రేపు అప్పు’ అని బోర్డు ఉంటుంది. బోర్డు కింద ఉద్దెర పుస్తకం కూడా ఉంటుంది. తిప్పర్తి రైతు బోరు పైపులు ఉద్దెర తీసుకుపోతే ఆ రోజే అమ్మకం రాస్తాడు, రైతు పేరు మీద బాకీ రాస్తాడు. పత్తి అమ్ముకుని రైతు డబ్బులు తెచ్చిన రోజు బాకీ కొట్టేస్తాడు తప్ప, పైపులు మళ్లీ అమ్మినట్టు రాయడు. రాయమని ఎవరైనా చెబితే నవ్వుతాడు. తాను ఇచ్చిన ఉద్దెర పైసాతో సహా తెలుసు. బ్యాంకు తనకిచ్చిన ఉద్దెర దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన చిన్నపిల్లాడైపోతాడు.

లక్ష రూపాయల పైపులు, మీద 18 వేల జీఎస్టీ. హైదరాబాద్ డీలర్‌కు సేటు 1,18,000 కార్డు గీకాడు. సరుకుతో బిల్లు వచ్చింది. అకౌంట్లు రాసే అమ్మాయి ఎఫ్9 నొక్కి కొనుగోలు రాసింది. కార్డు గీకిన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు కాబట్టి డీలర్‌కు 1,18,000 బాకీ అని పుస్తకంలో పడింది. వచ్చే నెల బ్యాంకు ఖాతాలోంచి కార్డు బిల్లు పోయింది. ఎఫ్5 నొక్కి చెల్లింపు రాసింది, క్రెడిట్ కార్డు ఖర్చులు 1,18,000. ఇప్పుడు పుస్తకం ప్రకారం మనం పైపులకు రెండుసార్లు ఖర్చు పెట్టాం, రెండోసారి పైపులు రాలేదు. ఎప్పుడో డబ్బు ముట్టిన డీలర్ మన పుస్తకంలో ఇంకా చేయి చాపుకుని నిలబడే ఉన్నాడు. మార్చి 31 లెక్కలకు ‘మీకు ఇంత ఇవ్వాలి’ అని ఉత్తరం పంపితే, మంచివాడైతే ఫోన్ చేసి నాకేం రావాలయ్యా అంటాడు. మంచివాడు కాకపోతే సంతకం పెట్టి పంపిస్తాడు.

కార్డు గీకిన రోజే డీలర్ బాకీ తీసేసి, అదే మొత్తాన్ని కార్డు పేరిట అప్పుల వైపు రాయాలి. బిల్లు కట్టిన రోజు ఆ అప్పు తగ్గుతుంది, బ్యాంకులో డబ్బు తగ్గుతుంది. ఖర్చు అనే మాటే రాదు. వడ్డీ, ఏడాది ఫీజు, లేటు ఫీజు పడితే అవి ఖర్చు. ఇంతే విద్య.

ఇక 19వ తేదీ సాయంత్రం చూడాలి ఆ షాపును. రేపు త్రీబీ, అంటే నెలనెలా పంపే జీఎస్టీ రిటర్ను వేయాలి. అమ్మాయి కార్డు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని ఒక్కో వరుసా చదువుతుంది. సేటు కళ్లు మూసుకుని, సాక్షాత్తూ పాణిని సూత్రాలు చెబుతున్నంత ధీమాగా పద్దులు చెబుతుంటాడు.

“నార్కట్‌పల్లి కాడ హోటల్ సార్, 3,860.”

“స్టాఫ్ వెల్ఫేర్ రాయి బిడ్డా.”

స్టాఫ్ అంటే ఈ అమ్మాయి, గోదాములో సామాను ఎత్తే పిల్లాడు. ఆ బిర్యానీ వాసన కూడా ఇద్దరికీ తెలియదు.

“బట్టల షాపు సార్, 42,000.”

“మా బామ్మర్ది లగ్గానికి. ప్యాకింగ్ మెటీరియల్ల పెట్టు.”

ఇందులో కొంత నిజం ఉంది. బామ్మర్దిని చక్కగా చుట్టే పంపించారు.

“ఫ్రిజ్ సార్.”

“ఆఫీసు సామాను. జీఎస్టీ గూడ వాపస్ పట్టు.”

“ఫ్రిజ్ ఇంట్ల ఉంది గద సార్?”

“ఇల్లు యాడుంది? షాపు మీదనే గద!”

సొంతానికి వాడుకునే వస్తువు మీద కట్టిన జీఎస్టీని వ్యాపారం కింద వెనక్కి తీసుకోకూడదంటుంది చట్టం. ఆ చట్టం రాసినవాళ్లు మన సేటు మేడ మెట్లు ఎక్కి ఉండరు.

“ఇంజినీరింగ్ కాలేజీ ఫీజు సార్.”

“ట్రైనింగ్ ఖర్చులు.”

“ఎవలికి సార్ ట్రైనింగ్?”

“రేపు ఈ షాపుల కూసునేది వాడే గద!”

వాడు అమెరికా పోవడానికి జీఆర్ఈ రాస్తున్నాడు.

చివరి వరుసకు వచ్చారు. “ఫైనాన్స్ చార్జెస్ 8,400, దాని మీద జీఎస్టీ 1,512. ఇదేంది సార్?”

“అది ఇడిసిపెట్టు.”

ఆ కాగితంలో అచ్చంగా ఖర్చు అనదగ్గది అదొక్కటే. వదిలేయమన్నదీ అదొక్కదాన్నే.

ఎందుకంటే అది రాస్తే అప్పు బయటపడుతుంది. ఆ అమ్మాయి బీకాం చదివింది. కార్డు పేరు మీద కరెంట్ లయబిలిటీస్, అంటే తొందరలో తీర్చాల్సిన అప్పుల కింద లెడ్జర్ ఒకసారి తెరిచింది కూడా. 2,40,000 బాకీ తెర మీద కనపడగానే సేటు కుర్చీలోంచి లేచాడు. “అప్పు జూపియ్యమని నీకెవలు చెప్పిండ్రు? బ్యాంకోళ్లు లోన్ ఇస్తరా ఇట్ల రాస్తె?” దగ్గర నిలబడి చెరిపించాడు. అందుకే ఇది తెలియనితనం అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. బాకీ తెర మీద కనపడకపోతే లేనట్టే అని నమ్మకం, అంతే.

అది ఎంత వడ్డీ బాకీ అనుకున్నారు? మన ఊళ్లో రెండు రూపాయల వడ్డీ మామూలు. మూడు రూపాయలంటే వాడు గొంతు కోస్తున్నాడని రచ్చబండ మీద తిడతాం. ఈ కార్డుది నూటికి నెలకు మూడున్నర, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, వెరసి నాలుగు రూపాయల పదమూడు పైసలు. మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సింది కట్టాను కదా అని మీసం తిప్పుకునేవాడికి, కొత్తగా గీకిన ప్రతి రూపాయి మీదా గీకిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. ఏ షాపు ఎట్లా మునుగుతుందో ముందే చెప్పాల్సింది ఆ పుస్తకం. ఆ పుస్తకం నోరే కట్టేశారు. మునిగాక జీఎస్టీని తిడతారు, ఆన్‌లైన్ వ్యాపారాన్ని తిడతారు, వాస్తు చూసేవాణ్ణి పిలిపించి గల్లా పెట్టె దిక్కు మారుస్తారు.

దాగేది కూడా ఏమీ లేదు. ఏడాదిలో కార్డు బిల్లుల కింద 10 లక్షలో అంతకు మించో కడితే, నగదుగా అయితే లక్షకే, బ్యాంకు వాళ్లే ఆదాయపు పన్ను శాఖకు పంపిస్తారు. కొత్త లోన్ కోసం సేటు నున్నటి బ్యాలెన్స్ షీట్ పట్టుకుని పోతే, మేనేజర్ ఆయన అప్పుల చిట్టా అయిన సిబిల్ రిపోర్టు తెరుస్తాడు. మూడు కార్డుల మీద బాకీ కనిపిస్తోంది, మీ పుస్తకంలో ఒక్కటీ లేదేమిటి అంటాడు.

“మా దగ్గర లెక్కలు రాసే పిల్ల సార్. దానికేం తెల్వదు,” అంటాడు సేటు.

తెలియదట! నెలకు 12 వేలకు పొద్దున తొమ్మిదింటికి వచ్చి, చీకటిపడ్డాక ఊరి బస్సు దొరుకుతుందో లేదో అని గడియారం చూసుకుంటూ నీ లెక్కలు రాసిన పిల్ల అది. సరిగ్గా రాసింది. చెరిపించింది నువ్వు. నోటీసు వచ్చిన రోజు జీతం కోసేది కూడా ఆమెకే. సిగ్గుండాలయ్యా!