పాట వినడానికా, ఫోన్ల తెరలు చూడటానికా?

బాలు గారి ఊరని గర్వంగా చెప్పుకుంటూ, పాటంటే చెవి కోసుకునే మా నెల్లూరులో మొన్న సంగీత విభావరికి వెళితే, రెండు గంటలూ నాకు కనిపించినవి ముందు వరుసవారు నిలువుగా ఎత్తిపట్టుకున్న ఫోన్లే. చప్పట్లు కొట్టడానికి చేతులు ఖాళీగా ఉంటే కదా!

పోనీ, ఆ వీడియోలో దక్కేదేమిటి? డ్రమ్ముల హోరుకు ఫోనులోని చిన్న మైకు తట్టుకోలేక శబ్దం పగిలి గరగరలాడుతుంది. స్పాట్‌లైటు పడిన గాయని ముఖం సున్నం కొట్టిన గోడలా తేలుతుంది. వెనుక ఎల్‌ఈడీ తెర మీద నల్లచారలు పాకుతాయి. ఇంటికెళ్లి దీన్నెవరు చూస్తారు?

ఇది చాలదన్నట్టు, నిర్వాహకుల వీడియోగ్రాఫరు క్రేను కెమెరాను మా తలల మీదుగా తిప్పుతూ, సరిగ్గా పల్లవి మధ్యలో "కొంచెం వంగండి సార్" అన్నాడు. టికెట్టు కొనుక్కున్నది వంగి కూర్చోవడానికా? అయినా వంగాను.