తొక్క తీస్తే సరిపోదు, విత్తనం సంగతి కూడా చూడాలి

ఆలుగడ్డ మొలకెత్తకుండా కోల్డ్ స్టోరేజీలో పట్టే క్లోర్‌ప్రొఫామ్ అనే మందు పొగ తొక్కలోనే ఉండిపోతుందని, చెక్కు తీసి వండుకుంటే చాలావరకు పోతుందని మీ వ్యాసంలో రాశారు. తినేవాళ్ల వరకు ఆ మాట నిజమే. కానీ ఆ దుంపనే ముక్కలుగా కోసి విత్తనంగా నాటే రైతు సంగతి ఎక్కడా రాయలేదు. ఈ మందు దుంప కంట్లో, అంటే మొలక వచ్చే చోట, కణ విభజన జరగకుండా ఆపుతుంది. కోసిన చోట గాయం మానడానికీ అదే కణ విభజన కావాలి కదా. మాది జహీరాబాద్ వైపు. ఒక ఏడు మేం ఉత్తరాది నుంచి తెప్పించిన విత్తనం కోసి నాటితే వారంలోనే ముక్కలు మెత్తబడి నీరు కారాయి. తవ్వి చూస్తే కన్ను జొన్నగింజంత ఉబ్బి, నల్లబడి అక్కడే ఆగిపోయింది. ఆ విత్తనం నిల్వ ఉంచిన కోల్డ్ స్టోరేజీ గదిలో అంతకుముందు చిప్స్ దుంపలకు పొగ పట్టారని తర్వాత తెలిసింది. మందు గోడల్లో, పెట్టెల చెక్కల్లో ఏళ్లతరబడి ఉండిపోతుంది. యూరప్‌లో 2020లో దీన్ని ఆపేశాక కూడా, పాత గోదాముల నుంచి దుంపలకు అంటుకునే అవశేషాలకు తాత్కాలిక పరిమితి పెట్టాల్సి వచ్చింది. ఇంకో మాట, ఉల్లి మొలకెత్తకుండా వాడే మాలిక్ హైడ్రజైడ్ అనే మందు ఇలాంటిది కాదు. దాన్ని పొలంలో పచ్చి ఆకు మీదే కొడతారు, అది గడ్డ లోపలికి దిగుతుంది. పైపొర తీసినా, కడిగినా పోదు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.