మెరక చేసింది చాలు, ఇక తవ్వుదాం

గోల్ఫ్ టోర్నమెంట్ పెట్టి ఊరికోసం చందాలు పోగుచేయడం మన ప్రవాస తెలుగు సంఘాల్లో మామూలైపోయింది. బంతి కొట్టడం రానివాళ్ళు కూడా కార్టెక్కి నాలుగు ఫొటోలు దిగి, చెక్కు రాసిచ్చి వస్తారు. మంచిదే. కానీ ఆ చెక్కు బెజవాడ వరద బాధితులకైతే, కాళ్ళకింది గడ్డినేల సంగతి కూడా కాస్త చూడమంటాను.

పద్దెనిమిది హోళ్ళ (బంతి పడాల్సిన గుంటల) గోల్ఫ్ కోర్సంటే ఎటూ నూరెకరాల పైమాటే. అంత నేల ఒక్క ఆటకేనా అని చాలాచోట్ల వేరే పనులూ అప్పజెప్పారు. గోల్ఫ్ పుట్టిల్లనే స్కాట్లండ్ ఊరు సెయింట్ ఆండ్రూస్‌లో ఓల్డ్ కోర్సుకు ఆదివారం ఆట సెలవు, ఆ రోజు ఊరి జనం షికారు తిరుగుతారు. అమెరికాలో పేరున్న గోల్ఫ్ క్లబ్బు ఆగస్టా నేషనల్‌లో రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పశువుల్నీ టర్కీ కోళ్ళనీ పెంచారు. పెద్దమనుషుల క్లబ్బుకు కొట్టం వాసన తగిలిందన్నమాట!

మనకు పనికొచ్చేది మాత్రం హ్యూస్టన్‌లో ఉంది. క్లియర్ లేక్‌లో మూతపడిన గోల్ఫ్ కోర్సు ఇళ్ళ ప్లాట్లయిపోకుండా అక్కడి నీటి సంస్థ తీసుకుని, వాన నీళ్ళు ఆగడానికి వరసగా ఐదు చెరువులు తవ్వించింది. పేరు ఎక్స్‌ప్లొరేషన్ గ్రీన్. మొదటి చెరువు పని పూర్తికాకముందే 2017 ఆగస్టులో హార్వీ తుపాను వచ్చిపడింది. అయినా అది నీళ్ళు పట్టుకుంది, ఎప్పుడూ మునిగే ఇళ్ళు కొన్ని గట్టెక్కాయి. మామూలు రోజుల్లో చెరువుల చుట్టూ జనం నడుస్తుంటారు, కొంగలు వాలుతుంటాయి.

ఇక మన సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్ళను కృష్ణలోకి మళ్ళించే కాలువకు కవులూరు దగ్గర గండ్లు పడి బెజవాడలో సింగ్ నగర్, పాయకాపురం మునిగాయి. అదే సమయానికి కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద. కృష్ణే నిండి ఉంటే బుడమేరు నీళ్ళు అందులోకి ఎలా దిగుతాయి? మా పిన్నివాళ్ళ హాల్లో స్విచ్‌బోర్డుకు పైన మురుగు గీత ఇప్పటికీ కనిపిస్తుంది, రెండుసార్లు సున్నం వేసినా. ఆ ఇల్లు కట్టినప్పుడు రోడ్డుకంటే మూడడుగులు ఎత్తు. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేస్తూ పోయారు, ఇప్పుడు గుమ్మంలోకి మెట్టు దిగాలి. పక్కన కొత్తగా కట్టినాయన ట్రాక్టర్లతో మట్టి తోలించి ఇంకా మెరక చేశాడు. ఆయన వాకిట్లో వాన ఎటు పోతుంది? నీరు పల్లమెరుగు. పిన్నివాళ్ళింట్లోకే.

ఊరంతా ఎవరికి వాళ్ళం మెరక చేసుకుంటూ పోతున్నాం. పల్లంగా ఉండే పని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి, ఆటస్థలాలు ఒప్పుకోగలవు. మైదానాన్ని రోడ్డుకు మూడు నాలుగడుగులు కిందికి తవ్వి, చుట్టూ వాలు గట్టు, ఒక మూల తూము పెడితే చాలు. ఏడాదిలో ఎక్కువ రోజులు క్రికెట్, వాకింగ్. జడివాన కురిస్తే చుట్టుపక్కల వీధుల నీళ్ళు అందులో ఆగి, మెల్లగా కాలువలోకి పోతాయి. బుడమేరు వరదని ఇది ఆపుతుందని నేననను. దానికి కాలువ వెడల్పు చేయాలి, కట్టలు బలపరచాలి, ఆక్రమణలు తీయాలి. నేను చెప్పేది గంట వానకే మోకాలి లోతు నిలిచే వీధుల గురించి.

"గుంట తవ్వితే చెత్త పోస్తారు, దోమలొస్తాయి, తర్వాత ఎవడో కబ్జా చేస్తాడు" అన్నాడు మా బావ ఫోన్లో. ఖాళీ గుంటయితే నిజమే. అందుకే ఆటస్థలం అంటున్నాను. పొద్దున్నే వాకర్లు, సాయంత్రం పిల్లలు ఉండేచోట లారీ మట్టి దిగితే ఆ పూటే గొడవవుతుంది. దోమల సంగతంటారా, తూము పూడిపోకుండా చూసుకుంటే నీళ్ళు రోజుల తరబడి నిలవవు. ఏటా వానలకు ముందు పూడిక తీయడానికి ఖర్చవుతుంది. రంగుల గేట్లకీ మన పేర్ల శిలాఫలకాలకీ పెట్టే డబ్బు అక్కడికి మళ్ళిస్తే ఎక్కువ పని జరుగుతుంది.

సింగ్ నగర్‌లో స్టేడియం ఉండనే ఉంది. దాన్నో, ఆ చుట్టుపక్కల బడి మైదానాన్నో బాగు చేద్దామని సంఘం పిలుపిస్తే నా వంతు నేనిస్తాను. షరతు ఒక్కటే, మట్టి తోలకూడదు.