పక్షుల బొమ్మలంటే ఆడుబాన్ ఒక్కడేనా?

అమెరికాలో పక్షుల బొమ్మలు అనగానే అందరూ చిత్రకారుడు ఆడుబాన్ పేరే చెప్తారు, మన పిల్లల స్కూల్ ప్రాజెక్టుల్లో కూడా ఆయనే. కానీ ఆయన పుస్తకానికి దాదాపు ఇరవై ఏళ్ళ ముందే, 1808లో, ఇక్కడి పక్షుల మీద మొదటి సంపుటం తెచ్చినవాడు అలెగ్జాండర్ విల్సన్. ఆయన గురించి మన తెలుగువాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఆయన కూడా మనలాగే బతుకుతెరువు కోసం వచ్చినవాడే.

స్కాట్లాండ్‌లో పెయిస్లీలో 1766లో పుట్టాడు, పదమూడేళ్ళకే మగ్గం ఎక్కాడు. మిల్లు ఓనరు మీద పద్యం రాశాడని జైల్లో వేసి, ఆ పద్యాన్ని ఆయన చేత్తోనే నడిబజార్లో తగలబెట్టించారు. 1794లో ఇక్కడికొచ్చి కొన్నాళ్ళకి ఫిలడెల్ఫియా దగ్గర గ్రేస్ ఫెర్రీలో బడిపంతులుగా చేరాడు, పక్కనే మొక్కల శాస్త్రం తెలిసిన విలియమ్ బార్ట్రమ్ తోట, ఆ పెద్దాయన ప్రోత్సాహంతో పక్షుల బొమ్మలు సీరియస్‌గా మొదలుపెట్టేటప్పటికి వయసు 36 దాటింది. డిగ్రీ లేదు, డబ్బు లేదు. ఆయన పుస్తకం సంపుటాల సెట్టు 120 డాలర్లు, ఆ రోజుల్లో అదెంత డబ్బో ఆలోచించండి, శాంపిల్ పట్టుకుని ఊరూరా తనే తిరిగి చందాదారుల్ని పోగుచేశాడు.

నార్త్ కరొలైనాలో విల్మింగ్టన్ దగ్గర ఒక పెద్ద వడ్రంగిపిట్టని గాయంతో పట్టుకున్నాడు, దారి పొడుగునా అది పసిపిల్లలా ఏడ్చిందట. సత్రం గదిలో పెట్టి గుర్రాన్ని చూసుకుని వచ్చేలోపు గోడ పొడిచి మంచం నిండా సున్నం పెచ్చులు రాల్చేసింది, టేబుల్‌కి కడితే టేబుల్ పాడుచేసింది, బొమ్మ గీస్తుంటే ఆయన చేతులు కోసేసింది. తిండి ముట్టకుండా మూడు రోజులకి చచ్చిపోతే చాలా బాధపడ్డాడు. పిట్ట రోషాన్ని అంత దగ్గర్నుంచి చూసి రాసిన మనిషి కాబట్టే ఆ బొమ్మల్లో జీవం ఉంటుంది అంటాను.

కెంటకీలో ప్యాసింజర్ పిజన్ అనే అడవి పావురాల ఒక్క గుంపులోనే 223 కోట్లకి పైగా ఉంటాయని లెక్కకట్టాడు. ఆ జాతిలో చివరిది 1914లో సిన్సినాటి జూలో పోయింది. ఆయన మాత్రం 1813లోనే, 47 ఏళ్ళకే చనిపోయాడు, చివరి రెండు సంపుటాలు స్నేహితుడు జార్జ్ ఆర్డ్ బయటికి తెచ్చాడు.

మనం ఏళ్ళ తరబడి ఇక్కడ ఉంటాం, ఇల్లు కొంటాం, పెరట్లో వాలే పిట్ట పేరు అడిగితే చెప్పలేం. ఇది మారాలి. మన ఫిలడెల్ఫియా, న్యూజెర్సీ వాళ్ళు మే నెలలో వార్బ్లర్లు అనే చిన్న పాటల పిట్టలు వలసొచ్చే టైముకి తెలుగు బడి పిల్లల్ని ఆ బార్ట్రమ్ తోటకే, అంటే బార్ట్రమ్స్ గార్డెన్‌కి తీసుకెళ్దాం, టికెట్ కూడా లేదు. విల్సన్ పేరు పెట్టిన నల్లటోపీ పసుపు పిట్ట అప్పుడే ఇటుగా వెళ్తుంది. బైనాక్యులర్స్ ఉన్నవాళ్ళు ఒకటి ఎక్స్‌ట్రా తెస్తే పిల్లలకి సరిపోతాయి.