తాతయ్య ఉత్తరం, నానమ్మ ఆవకాయ

మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో. తమ్ముడికి హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చింది, మాదాపూర్‌లో రూము తీసుకున్నాడు. వాడు ఎలా బతకాలో తాతయ్య ఉత్తరం రాస్తున్నాడు. నానమ్మ గోరుచిక్కుళ్ల ఈనెలు తీస్తోంది. ఎవరూ అడక్కుండానే తాతయ్య పైకి చదవడం మొదలుపెట్టాడు.

తాతయ్య: "రోజూ పొద్దున్నే 40 నిమిషాలు నడవాలి."

నానమ్మ: ఎక్కడిదాకానో కూడా రాయండి.

తాతయ్య: ఎక్కడిదాకా అయితే ఏమిటే? నడక నడకే.

నానమ్మ: మీ నడక ఇరానీ హోటల్ దాకానే కదా! నిన్న చొక్కా ఉతకబోతే జేబు నిండా ఉస్మానియా బిస్కెట్ పొడి. చీమలు కూడా వాకింగ్‌కి వచ్చాయి.

తాతయ్య: అది... షుగర్ డౌన్ అయితే పనికొస్తుందని.

నానమ్మ: డౌన్ కానిస్తే కదా మీరు!

తాతయ్య (పేజీ తిప్పి): "ఆదివారం ఇంటికి రా. బండి మీద వద్దు, మెట్రోలో రా. అమీర్‌పేటలో దిగి ఎల్బీ నగర్ రైలు ఎక్కితే చాలు."

నానమ్మ: ఇది బాగుంది. ఖాళీ డబ్బాలు తెమ్మని కూడా రాయండి.

తాతయ్య: ఇక డబ్బు సంగతి. "ఏడాదికి 8 శాతం చక్రవడ్డీకి డబ్బు ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో తెలియాలంటే 72ని 8తో భాగించు. సుమారు 9 ఏళ్లు."

నానమ్మ: 1994లో మీ ఫ్రెండుకి చేబదులిచ్చిన పదివేలని దేంతో భాగించాలండీ?

(తాతయ్య కళ్లజోడు తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.)

తాతయ్య: "క్రెడిట్ కార్డుకి మినిమం డ్యూ కట్టి ఊరుకోకు. మిగిలిన దానిమీద నెలకి 3 శాతం పైనే వడ్డీ పడుతుంది."

నానమ్మ: అనుభవం బాగా మాట్లాడుతోంది. ట్రాలీ బ్యాగు ఫ్రీ అన్నాడని కార్డు తీసుకున్నదెవరు?

తాతయ్య: బ్యాగు వచ్చిందిగా!

నానమ్మ: వచ్చింది. అటక మీదుంది. ఒక చక్రం లేదు.

తాతయ్య: ప్రతిదానికీ అడ్డే! అంత తెలిస్తే నువ్వే చెప్పు వాడికి.

నానమ్మ: పొద్దున చెప్పాను. ఫోన్ చేశాడు.

తాతయ్య: నాకు చెయ్యలేదే! ఏమడిగాడు?

నానమ్మ: కందిపప్పుకి ఎన్ని విజిల్స్ అని.

తాతయ్య: అంతేనా?

నానమ్మ: నీళ్లెన్ని పొయ్యాలని కూడా అడిగాడు.

(తాతయ్య మూడు పేజీలూ మడిచి పక్కన పెట్టాడు. నానమ్మకి జాలేసినట్టుంది. చెయ్యి కొంగుకి తుడుచుకుని ఆ కాగితాలు తీసుకుంది.)

నానమ్మ: ఇలా ఇవ్వండి, పంపిస్తాను. ఆవకాయ సీసా మూతకి చుట్టి కడితే నూనె కారదు.

తాతయ్య: నూనె అంటితే అక్షరాలు కనిపిస్తాయిటే?

నానమ్మ: అందుకే రెండో పేజీ పైకి పెడతాను. డబ్బాల మాట రాశారు కదా?