అడ్రసు రేకు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ అడ్రసు రేకు గారి సముఖానికి,

మకాం: పూర్వ విద్యార్థుల సంఘం ఆఫీసు, ఇనప బీరువాలో మూడో సొరుగు, అమెరికాలో ఒహాయో రాష్ట్రపు చిన్న కాలేజీల్లో ఒకటి. కాలం: 1943 మొదలు, రెండో ప్రపంచ యుద్ధపు రోజులు.

ఉభయకుశలోపరి. తమరు కులాసాగానే ఉంటారు, అందులో అనుమానం లేదు. లక్షల మంది కుర్రాళ్లు మూటాముల్లె సర్దుకుని ఊళ్లు మారుతున్న ఏడాదిలో తమరు సొరుగు గడప దాటలేదు. కులాసా తెలియాల్సింది తమరి ఒంటిమీద పేరున్న కుర్రాడిది. రెండో ఏడాది చదువు సగంలో ఉండగా మార్చిలో పిలుపొచ్చింది, సైన్యంలో చేరాడు. సముద్రం దాటలేదు. శత్రువు మొహం చూడలేదు. రైలెక్కితే రెండు రోజుల్లో వెళ్లి పలకరించి రావచ్చు. అయినా కాలేజీ పత్రిక మాత్రం అతనికి అందదు. అందుకు కారకులు తమరే.

ఈ కాలం వాళ్లకు తమరెవరో తెలీదు కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. పల్చటి లోహపు రేకు మీద ఉబ్బెత్తు అక్షరాల్లో ఒక మనిషి పేరూ ఊరూ, అదే తమరి స్వరూపం. గ్రాఫోటైప్ అనే మిషను ఒక్కో అక్షరాన్నీ రేకు మీద గుద్దుతుంది. అలా తయారైన రేకుల్ని దొంతరగా పేర్చి అడ్రెసోగ్రాఫ్‌లోకి వదిలితే, సిరా రిబ్బను మీదుగా కవరుకు అడ్రసు ముద్ర పడుతుంది. ధన్, ధన్, ధన్. గుమాస్తా చేత్తో రాస్తే వారం పట్టే పని ఒక్క పూటలో పూర్తి. పై అంచున చిన్న రేకు చెవులు తగిలిస్తారు. ఒకచోట చెవి ఉంటే చందా కట్టినవాడు, ఇంకోచోట ఉంటే ఫలానా సంవత్సరం బ్యాచ్‌వాడు. యుద్ధం వచ్చాక మరో చెవి మొలిచింది: సైన్యంలో ఉన్నాడు, పత్రిక ఉచితం.

ఇంత తెలివైన తమరికి ఉన్న లోపం ఒకటే. గుద్దిన అక్షరం గుద్దినట్టే ఉంటుంది. ఊరు మారితే సొరుగులోంచి రేకు తీయాలి, పాత అక్షరాలు చదును చేసి కొత్తవి గుద్దాలి, లేదా వేరే రేకు వేయాలి. ఆఫీసుకు సొంత గ్రాఫోటైప్ లేకపోతే మార్పుల జాబితా కట్టి బయట కొట్టించుకు రావాలి. తిరిగొచ్చిన రేకును అక్షరక్రమంలో సరైన చోట పెట్టాలి. పొరపాటున పక్క అక్షరంలో పెట్టారా, ఆ కుర్రాడు కాలేజీ లెక్కల్లో కనబడకుండా పోయినట్టే. యుద్ధంలో పోలేదు, సొరుగులో పోయాడు.

తమరికో తోబుట్టువు ఉన్న సంగతి తమరికి తెలుసో లేదో. కుర్రాడి మెడలో వేలాడే గుర్తింపు బిళ్ల. అదీ గ్రాఫోటైప్ మీద గుద్దిందే. ఒకే మిషను కడుపున పుట్టిన మీ ఇద్దరిలో ఒకరు సొరుగులో పడుకున్నారు, ఇంకొకరు రెండు ప్రతులుగా అతని గుండెల మీద ఊరేగుతున్నారు. ఆ బిళ్ల మీద పేరు, ఎనిమిది అంకెల సైనిక నంబరు, ధనుర్వాతం టీకా వేసిన సంవత్సరం, రక్తం గ్రూపు, మతానికి ఒక అక్షరం ఉంటాయి. 1943 జులై దాకా దగ్గరి బంధువు పేరూ, ఇంటి అడ్రసూ కూడా గుద్దేవారు. తర్వాత ఆ మూడు వరసలూ తీసేశారు. ఊరూ వాడా లేకుండా బిళ్ల హాయిగా తిరుగుతోంది. తమరి దగ్గర ఊరు తప్ప ఇంకేం లేదు, ఆ ఊరూ తప్పే.

ఆ కుర్రాడి ప్రయాణం చూడండి. మొదట ఇండియానాలో ఫోర్ట్ బెంజమిన్ హారిసన్. అక్కడ ఉండేది కొద్దిరోజులే. బట్టలిస్తారు, సూదులు పొడుస్తారు, పరీక్ష పెడతారు, రైలెక్కిస్తారు. తెలిసినవాళ్లెవరూ అక్కణ్ణుంచి అడ్రసు పంపరు. మన కుర్రాడు ఉత్సాహవంతుడు, మొదటిరోజే కార్డు ముక్క రాసి పడేశాడు. తమరు గబగబా దాన్నే గుద్దించుకున్నారు. కొత్త అక్షరాల మెరుపు తగ్గకముందే అతను ఫ్లోరిడాలో మయామీ బీచ్‌లో తేలాడు. సైన్యపు వైమానిక దళం అక్కడ వందల హోటళ్లు తీసుకుని బ్యారక్‌లుగా మార్చింది. సముద్రం ఒడ్డున హోటల్ గది అని బంధువులు కుళ్లుకున్నారు గానీ, ఆ గదిలో మంచాల మధ్య నడవడానికి చోటుంటే ఒట్టు. కొన్ని వారాల తర్వాత దక్షిణ డకోటాలో సూ ఫాల్స్ రేడియో స్కూలు. నెలల తరబడి మోర్స్ చుక్కలూ గీతలూ. డిసెంబరుకల్లా ఇలినాయిలో స్కాట్ ఫీల్డ్, అదీ రేడియో స్కూలే. ఈసారి పాఠం చెప్పేవాడిగా. అక్కడే అట్టిపెట్టుకున్నవాళ్లని సైనికుల భాషలో ‘పర్మనెంట్ పార్టీ’ అంటారు. వినడానికి పెళ్లి భోజనంలా ఉంటుంది, చేసేది రోజూ అదే పాఠం.

తొమ్మిది నెలల్లో నాలుగు అడ్రసులు. కాలేజీ పత్రిక వచ్చేది మూడు నెలలకోసారి. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే లెక్క తమరికే తేలిపోతుంది.

పోనీ ఊరు సరిగ్గా ఉన్నా చాలదు. శిబిరమంటే వీధి చివర పోస్టుమేన్‌కి అందరూ తెలిసిన పేట కాదు, వేలమంది ఉన్న పట్నం. హోదా, పేరు, నంబరు, స్క్వాడ్రన్ అనే దళం పేరు, శిబిరం, రాష్ట్రం, ఇవన్నీ ఉంటేనే ఉత్తరం నేరుగా అతని మంచం దాకా వెళ్తుంది. స్క్వాడ్రన్ లేకపోతే తపాలా గదిలో కార్డుల పెట్టె ముందు ఆగుతుంది. అక్కడ గుమాస్తా ఇంటిపేరుతో వెతుకుతాడు. ఇంటిపేరు ముందు రాయడం మనకు కొత్త కాదు గానీ, స్మిత్‌లు యాభైమంది ఉన్నచోట ఇంటిపేరు ఎవర్నీ పట్టివ్వదు. అప్పుడు అక్కరకొచ్చేది నంబరు. 3తో మొదలైతే నిర్బంధంగా వచ్చినవాడు, 1 అయితే తనంతట చేరినవాడు. రెండో అంకె ఏ ప్రాంతంలో చేరాడో చెబుతుంది, ఒహాయో కుర్రాడికి 5. ఆ నంబరు అతని మెడలో ఉంది, జీతం పట్టీలో ఉంది, సంచి మీద రంగుతో రాసి ఉంది. తమరి మీద మాత్రం లేదు. ఒక వరసలో ఇన్ని అక్షరాలు పట్టవని తమరి వాదన. పట్టేవే, ‘ఎక్స్-45’ అని, అంటే చదువు మధ్యలో ఆపేసిన 1945 బ్యాచ్ అని, గుద్దిన చోట గుద్దితే సరిపోయేది.

కాలేజీ మాత్రం ఊరుకుందా? ఊరుకోలేదు. ప్రశ్నాపత్రం పంపింది. హోదా ఏమిటి, ఏయే యుద్ధాల్లో పాల్గొన్నారు, పతకాలు ఎన్ని? దేశం దాటనివాడు దీనికేం రాస్తాడు? యుద్ధాలు: లేవు. పతకాలు: బుద్ధిగా ఉన్నందుకు గుడ్ కాండక్ట్ మెడల్, అదీ ఏడాది నిండాక. తుపాకీ గురికి ఒక బ్యాడ్జి. ‘పసిఫిక్‌లో ఎక్కడో’ అని పత్రికలో వేయించుకున్న తోటివాడి పక్కన ‘స్కాట్ ఫీల్డ్, ఇలినాయి’ అన్న నిండు అడ్రసు పడితే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఇందులో గమ్మత్తు ఉంది. 1942 జనవరిలో సెన్సార్‌షిప్ ఆఫీసు పత్రికలకు స్వచ్ఛంద నియమావళి ఇచ్చింది. విదేశాల్లో ఉన్న దళాల పేర్లూ చోట్లూ వేయొద్దంది. దేశంలోని శిక్షణ శిబిరాలకు మినహాయింపు. అంటే కాలేజీ పత్రిక నిర్భయంగా పూర్తి వివరాలతో అచ్చు వేయగలిగింది ఒక్క ఇతని సంగతే. ఆ ఒక్కటీ పాతది వేసింది.

ఇక అచ్చు గురించి. పెద్ద పత్రిక రావడానికి మూడు నెలలు కాబట్టి మధ్యలో సైనికుల కోసం రెండు పేజీల మిమియోగ్రాఫ్ వార్తలు వేయడం చాలా కాలేజీలు చేసిన మంచిపని. మైనపు స్టెన్సిల్ మీద రిబ్బను తీసేసిన టైప్‌రైటర్‌తో కొట్టాలి. మరీ గట్టిగా కొడితే సున్నాలాంటి అక్షరాల నడిబొడ్డు ఊడిపోయి, అచ్చులో సిరా చుక్కలు పడతాయి. మెల్లగా కొడితే సగం అక్షరాలు రావు. కొత్త టైప్‌రైటర్ కొందామంటే 1942లోనే తయారీకి కత్తెర పడింది. స్మిత్-కరోనా రైఫిళ్లు చేస్తోంది, అండర్‌వుడ్ కార్బైన్లనే పొట్టి తుపాకులు చేస్తోంది. సంఘం సెక్రటరీ గారి పాత అండర్‌వుడ్‌లో ఒక మీట ఇరుక్కుంటే, అదే పేరున్న కార్బైన్ శిబిరంలో కుర్రాడి భుజాన ఉంది. ఇద్దరిలో ఎవరిది బాగా పనిచేసిందో మేం చెప్పం.

కుర్రాడి వైపు తప్పే లేదా అంటారా? ఉంది, కొంచెం. 1942 ఏప్రిల్ నుంచి సైనికులకు మామూలు ఉత్తరం ఉచితం. కవరు కుడి మూల స్టాంపు చోట స్వహస్తాలతో ‘ఫ్రీ’ అని రాసి, ఎడమ మూల హోదా, పేరు, నంబరు, దళం రాస్తే చాలు. మూడు సెంట్లు మిగులు. విమానం టపాకు, పార్సిల్‌కు మాత్రం డబ్బు కట్టాల్సిందే. కాగితం కూడా ఉచితమే, సర్వీస్ క్లబ్బులో శిబిరం పేరు అచ్చేసిన కాగితాలు దొంతరలుగా ఉంటాయి. విదేశాల్లో ఉన్నవాడి ఉత్తరం ఆఫీసరు చదివి కత్తిరిస్తాడు. ఇతనిది మామూలుగా ఎవరూ చదవరు. కాబట్టి సెన్సార్ మింగేసిందనే సాకూ లేదు. లేనిది వెలుతురు. బ్యారక్‌లో దీపాలార్పాక రాత్రంతా దీపం ఉండేది మరుగుదొడ్ల గదిలోనే. అక్కడ తిరగేసిన బకెట్ మీద కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టి అమ్మకొకటి, ప్రియురాలికొకటి రాసేసరికి కళ్లు మూతలు పడతాయి. పూర్వ విద్యార్థుల సంఘం వంతు ఆ వరసలో ఎక్కడుంటుందో తమరే ఊహించుకోండి.

తమరి సాయం లేకుండానే పని చక్కబెట్టినవాళ్లూ ఉన్నారు. న్యూజెర్సీలోని నెవార్క్ స్టేట్ టీచర్స్ కాలేజీలో లైబ్రేరియన్ నాన్సీ థాంప్సన్ తన విద్యార్థి సైనికులకు తానే ఉత్తరాలు రాసింది. వాళ్ల జవాబుల్లోంచి ఏరి వార్తల పత్రం కూర్చి మళ్లీ వాళ్లకే పంపింది. ఆ కాలేజీ ఇప్పుడు కీన్ యూనివర్సిటీ, లైబ్రరీకి ఆమె పేరే పెట్టారు. కిటుకు పెద్దదేం కాదు. మనిషికి ఉత్తరం రాస్తే మనిషి జవాబిస్తాడు, జవాబు మీద ఎడమ మూల తాజా అడ్రసు ఉంటుంది. రేకు పంపిన కవరుకు జవాబు రాయాలని ఎవరికి బుద్ధి పుడుతుంది?

పైగా ఆ కవరులో ఏముంటుంది? యుద్ధ ఖర్చుకు ప్రభుత్వం అమ్మే బాండ్లను కాలేజీ నిధికి దానం చేయమని విన్నపం. సిపాయి జీతం నెలకు 50 డాలర్లు. అందులో పదివేల డాలర్ల బీమాకు సుమారు ఆరున్నర, చాకలికి ఒకటిన్నర, బాండుకు 6.25 పోతే చేతికొచ్చేది 36 లోపే. ఆ బాండు మూడు నెలలకొకటి, 18.75కు కొంటే పదేళ్లకు 25. అది ఈ-సిరీస్, మనుషుల పేరు మీదే ఉంటుంది, కాలేజీ పేరున రాయడానికి వీల్లేదు. కాలేజీకి ఇవ్వాలంటే ఎఫ్-సిరీస్ వేరేగా కొనాలి, 18.50కి, పన్నెండేళ్లకు 25. ఈ తేడా విడమరిచి చెప్పిన విన్నపం ఒక్కటి అందినా అతను నవ్వుకుని ఊరుకునేవాడు. అదృష్టవశాత్తూ అదీ మయామీ బీచ్‌కే వెళ్లింది. ఈ విద్యలో మాత్రం తమరి మనవడు ఈమెయిల్ తాతను మించినవాడు. అమెరికాలో ఎమ్మెస్ చేసి ఇంటికొచ్చేసిన మన పిల్లల్ని సైతం హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ పట్టుకుని చందా అడగగలడు.

ఇంకో సంగతి తమరి చెవిన పడే ఉంటుంది. 1943లో సైన్యం ఏఎస్‌టీపీ పేరుతో లక్షమందికి పైగా సైనికుల్ని కాలేజీలకు పంపి చదివించింది. తమరి కాలేజీ హాస్టల్లోనూ ఎవరెవరో కవాతు చేసుకుంటూ క్లాసులకెళ్లారు. వాళ్ల పేర్లన్నీ వార్డెన్ దగ్గర సరిగ్గానే ఉన్నాయి. 1944 ఫిబ్రవరిలో సైన్యం ఆ పథకాన్ని కోసేసి, లక్షా పదివేల మందిని తిరిగి దళాల్లోకి లాగేసింది. వాళ్ల సొంత కాలేజీల్లో ఎన్ని రేకులు ఆ దెబ్బకు చెడిపోయాయో.

1944 జూన్ 22న, సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్ల చదువుకు ప్రభుత్వం డబ్బిచ్చే చట్టం, జీఐ బిల్లు వచ్చింది. ఏడాదికి 500 డాలర్ల దాకా ఫీజు, ఒంటరివాడికి నెలకు 50 డాలర్ల ఖర్చు. అంతే, ఇన్నాళ్లూ ఉలుకూ పలుకూ లేని కుర్రాడు తనంతట తానే రాయడం మొదలెట్టాడు, సంఘానికి కాదు, రిజిస్ట్రారుకు. రేడియో స్కూలు చదువుకు ఎన్ని క్రెడిట్లు ఇస్తారు? మాడిసన్ నుంచి సైనికుల ఇన్‌స్టిట్యూట్ వాళ్ల పోస్టల్ కోర్సు, రెండు డాలర్లు కట్టి చేశాను, చెల్లుతుందా? మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత లెక్కాపత్రం లేకుండా క్రెడిట్లు పంచి చేతులు కాల్చుకున్న కాలేజీలు ఈసారి ఒక్కో కోర్సునీ తూకం వేశాయి. మూడు ఉత్తరాలు వెళ్లాయి, మూడు జవాబులు వచ్చాయి. రిజిస్ట్రారు గదికీ సంఘం గదికీ మధ్య ఒక వరండా. స్కాట్ ఫీల్డ్ అడ్రసు ఆ వరండా దాటడానికి మరో ఆరు నెలలు పట్టింది.

చివరికి 1945 వసంతంలో తమరి మీద సరైన అడ్రసు పడింది. మంచి ముహూర్తం. మే నెలలో ప్రకటించిన విడుదల లెక్కకు 85 పాయింట్లు కావాలి. సేవకు నెలకొకటి, విదేశంలో గడిపితే నెలకు ఇంకొకటి, యుద్ధరంగంలో సాధించిన పతకానికి అయిదు, బిడ్డకు పన్నెండు. మన కుర్రాడి దగ్గర మొత్తం 26. అందరూ ఇళ్లకు పోతుంటే అతను మాత్రం కదలకుండా స్కాట్ ఫీల్డ్‌లోనే ఉన్నాడు. కాలేజీ పత్రిక వరసగా రెండు సంచికలు టంచనుగా అందింది. రెంటిలోనూ విజేతలై తిరిగొచ్చిన వీరులకు స్వాగతం.

1946లో విడుదలయ్యాడు, సెప్టెంబరులో అదే కాలేజీలో, తమరి బీరువాకు మూడు గదుల అవతల, చేరాడు. తమరి మీద ఇంకా ఇలినాయే ఉంది. పత్రిక స్కాట్ ఫీల్డ్ దాకా వెళ్లి, ‘ఇక్కడ లేడు’ అన్న ముద్రతో వెనక్కొచ్చింది. అయితే ఆఫీసు నిద్రపోయిందని అనకూడదు. ఆ నెల్లోనే ఎవరో శ్రద్ధగా తమరి అంచునుంచి ‘సైన్యం, ఉచితం’ చెవి పీకేశారు. చందా బిల్లును ట్రెజరర్ గారి గుమాస్తా చేత్తో అడ్రసు రాసి, మనిషినిచ్చి పంపించాడు. అది పది నిమిషాల్లో అందింది.

ఇట్లు,
తమరి ముద్ర పడిన పాత కవర్లు చదివేవాళ్లు